జపాను భయానక చిత్రకథలు – తెరపై వాని రూపాంతరములు

జపాను దేశమున మాంగా యను పేర ప్రసిద్ధములైన చిత్రకథలలో భయానకమునకు ప్రత్యేకమైన శాఖ యొకటి కలదు. ఆ శాఖకు చెందిన కథలు ఇంచుమించు అరువది సంవత్సరములుగా చలనచిత్రములుగను, యానిమేషనులుగను రూపాంతరము చెందుచునే యున్నవి. అయినను మూలమును చదివి బెదరినవాడు దానినే తెరమీద చూచి అంతగా బెదరుట అరుదు. కొన్ని పట్టుల నవ్వు వచ్చుటయు కద్దు. ఇది దర్శకుల అసామర్థ్యమా, లేక ఆ కళల స్వభావములలోనే యున్న భేదమా యనునది మా విచారణకు విషయము. జపానీయుల పేర్లను వారి యాచారము ననుసరించి ఇంటిపేరు ముందుగా వ్రాసితిమి.

మన ఆలంకారికులు కావ్యమును దృశ్యమనియు శ్రవ్యమనియు విభజించిరి. మాంగా యీ రెంటిలో దేనియందును చక్కగా నిముడదు. కన్నులతో గ్రహింపవలసినది గనుక శ్రవ్యము కాదు. నటుడును, రంగమును, కాలపరిమితియు లేనిది గనుక నాటకము వంటి దృశ్యమును కాదు. ఇందు కాలము పాఠకుని వ్రేళ్ళలో నుండును. జపాను పుస్తకము కుడినుండి యెడమకు సాగును. ఎడమపుట చివరి గడిలో పాత్ర యేదియో చూచి కొయ్యబారి నిలుచును. ఆ చూచినదేదో పుట త్రిప్పినగాని తెలియదు. ఈ త్రిప్పుటను వారు ‘మెకురి’ యందురు. భయపడుచునే పుట త్రిప్పువాడు పాఠకుడు గనుక, తన భయమునకు తానే కొంత కర్త యగుచున్నాడు. చలనచిత్రమున ఆ కర్తృత్వము దర్శకుని చేతికి పోవును. ప్రేక్షకుడు కన్నులు మూసికొనవచ్చును గాని బొమ్మను ఆపజాలడు.

చరిత్రను 1968 నుండి యారంభించుట యుక్తము. ఆ యేడు రెండు ముఖ్యములైన ప్రయత్నములు జరిగినవి. మొదటిది మిజుకి షిగేరు (1922–2015) సృష్టియైన కితారో కథ. ఈ కితారో శ్మశానమున పుట్టిన ఒంటికంటి బాలుడు. అతని మూలము ‘కమిషిబాయి’ యను వీథిప్రదర్శనలో నున్నది. మిఠాయిలమ్మువాడు సైకిలుపై చెక్కపెట్టెను నిలిపి, పటముల నొక్కొక్కటిగా లాగుచు పిల్లలకు కథ చెప్పుట కమిషిబాయి. మన తెలంగాణమున చేర్యాల నకాషీ పటములను విప్పుచు కథచెప్పు పద్ధతి నెరిగినవారికి ఇది మిక్కిలి క్రొత్తగా తోపదు. యుద్ధమున రబౌలు ప్రాంతమందు ఎడమచేయి కోల్పోయిన మిజుకి, పిమ్మట కమిషిబాయి పటములు గీసి బ్రతికి, 1960 లో అద్దెపుస్తకముల దుకాణములకై కితారోను చిత్రకథగా గీసెను. ఆ తొలి కితారో వికృతుడు, అంత సాధువును కాడు. టెలివిజనునకు ఎక్కింపదలచినప్పుడు పేరులోని ‘హకాబా’, అనగా శ్మశానమను మాట, ప్రకటనదారులకు రుచింపదయ్యెను. పేరు ‘గెగెగె నో కితారో’గ మారెను. 1968 లో తోయీ సంస్థవారి యానిమేషనులో కితారో మానవులను భూతములనుండి కాపాడు వీరుడుగా వెలసెను. దీనికి లభించిన జనాదరణ అపారము. కాని భయానకము పోయి వీరము మిగిలినది. తొలి కితారో చీకటిని తెరమీద చూచుటకు 2008 వరకు, పాతపేరితోనే వచ్చిన మరియొక ధారావాహికవరకు, వేచియుండవలసి వచ్చెను.

రెండవది ఉమెజు కజువొ (1936–2024) సర్పబాలికాకథల నాధారముగా గొని దాయెయి సంస్థకు యువాస నొరియాకి తీసిన చిత్రము. గమెరా యను బృహత్కూర్మము చిత్రములతో బాలప్రేక్షకులకు పరిచితుడైన దర్శకుడీతడు. ఉమెజు పుటలలో తల్లియే సర్పమేమో యను శంక బాలిక కన్నులలో, నల్లని సిరాగీతలలో పెరుగును. తెరమీద రబ్బరు తొడుగు కనబడినంతనే శంక తీరును. శంక తీరిన చోట భయము నిలువదు.

ఉమెజు ప్రసిద్ధ రచనయైన ‘హ్యోర్యూ క్యోషిత్సు’ (1972–74) పాఠశాల యంతయు భవిష్యత్తులోని యెడారిలోనికి విసరివేయబడిన కథ. దీనిని 1987 లో ఒబయాషి నొబుహికొ, కోబె నగరమందలి అంతర్జాతీయ పాఠశాలకు మార్చి చిత్రముగా తీసెను. ఈ ఒబయాషియే 1977 లో ఏ చిత్రకథయు మూలముగా లేకుండ ‘హౌసు’ అను భయానకచిత్రమును తీసియుండెను. అందలి చిత్రించిన ఆకాశములు, కత్తిరించి అంటించినట్లున్న మాయలు మాంగా పుటకు మిక్కిలి దగ్గరగా నున్నవి. మూలము చేతనున్నప్పటికంటె లేనప్పుడే ఆయన మాంగా స్వభావమును పట్టుకొనెనని మా యభిప్రాయము.

ఇక ఇటో జుంజి. 1963 లో గిఫు మండలమున జన్మించిన యితడు దంతవైద్యశాలలకు కృత్రిమదంతములు చేయు వృత్తిలో నుండగా, 1987 లో ‘తొమియె’ యను కథను ఒక పత్రిక పోటీకి పంపెను. ఉమెజు పేరితో నెలకొల్పిన ఆ పోటీలో అది ప్రోత్సాహక గౌరవము పొందెను. పళ్ళను అరగదీసిన చేతి నిశితత్వము ఇతని గీతలలో కానవచ్చుననుట అతిశయోక్తి కాదు. ఎన్నిమారులు చంపినను మరల పుట్టుచు పురుషులను హత్యకు పురికొల్పు సుందరి తొమియె. ఇందలి భయము ఆలోచనలో నున్నది, ఆకృతిలో కాదు; కనుకనే 1999 నుండి 2011 వరకు వరుసగా వచ్చిన తొమియె చిత్రములలో ఒయికావ అతారు తీసిన మొదటిది కొంతవరకు నిలిచినది. నాయిక ముఖమును చాలసేపు చూపక దాచుట ఆయన వివేకము. పాఠకుడు ఊహించిన సౌందర్యమునకు సరితూగు ముఖము ఏ నటికిని ఉండదుగదా.

‘ఉజుమాకి’ (1998–99) విషయము వేరు. ఇందు శత్రువు ప్రాణియే కాదు, సుడి యను ఆకారము. కురోజు పట్టణమున పొగ, కేశములు, నత్తలు, చెవిలోని శంఖము, అన్నియు సుడులు తిరుగును. సుడిపై వ్యామోహము పెంచుకొన్న ఒకానొక తండ్రి పెద్ద గుండ్రని కొయ్యతొట్టిలో తన దేహమునే చుట్టగా చుట్టుకొని మరణించును. మూత తీసి చూచు పట్టును ఇటో పెద్ద చిత్రముగా గీసెను. పాఠకుని చూపు వెలుపలి వలయమునుండి లోపలికి తానే తిరుగుచు పోవును. అనగా కథలోని రోగము చదువువాని కంటికే యంటుకొనును. 2000 లో హిగుచిన్‌స్కీ తీసిన చిత్రమున ఈ తొట్టి బట్టలుతుకు యంత్రముగా మారినది. యంత్రము తిరుగును గనుక సుడికి తగినదే యని దర్శకుడు తలచియుండును. కాని తిరుగునది యంత్రమైనప్పుడు ప్రేక్షకుని కన్ను ఊరకయుండును. ఆకుపచ్చ ఛాయలో ముంచిన ఆ చిత్రమున శోభ యున్నది, వింత యున్నది. కథ ముగియకమునుపే చిత్రరచన సాగుటచే ముగింపు వేరైనది.

‘గ్యో’ (2001–02) కాళ్ళు మొలచిన చేపల కథ. 2012 లోని యానిమేషనులో నాయికానాయకుల స్థానములు తారుమారైనవి. అంతకంటె ముఖ్యమైనది, కదలని పుటలో జుగుప్స గొలిపిన చేప కదలినంతనే హాస్యాస్పద మగుట. భరతుడు జుగుప్సను బీభత్సమునకు, భయమును భయానకమునకు స్థాయిగా వేరు చేసెను. హాస్యము వీనికెంత చేరువలో నున్నదో ఇట్టివి చూచిన గాని బోధపడదు.

ఇటో కథలు తెరమీద చప్పబడుటకు రంగులే కారణమని మేము కొంతకాలము తలచితిమి, తరగతిలో చెప్పితిమి కూడ. 2018 నాటి ధారావాహిక మా తలపును బలపరచినట్లుండెను. 2024 లో నగహామ హిరోషి పర్యవేక్షణమున నాలుగు భాగములుగా వచ్చిన ‘ఉజుమాకి’ మా మాటను తప్పని చూపినది. అది తెలుపునలుపులలోనే వచ్చెను. మొదటి భాగమున ఇటో గీత యథాతథముగా సజీవమై కదలినట్లు కనబడి అందరి ప్రశంసలనందెను. రెండవ భాగమునుండి అదే తెలుపునలుపులలో పనితనము దిగజారెను. కావున రంగు కారణము కాదు, శ్రమ కారణము. సెకనుకు ఇరువదినాలుగు చట్రములు నడచు చిత్రమున, జపాను టెలివిజను యానిమేషను ఒక్కొక్క బొమ్మను సాధారణముగా మూడు చట్రములు నిలిపి, సెకనుకు ఎనిమిది బొమ్మలతో సరిపెట్టుకొనును. 1963 లో తెజుక ఒసాము ‘అతోము’తో ఈ పొదుపుమార్గము స్థిరపడినది. ఇటో ఒక్క గోడకు వేసిన వందలాది సన్నగీతలను సెకనుకు ఎనిమిదిమారులు చేతితో మరల గీయుట యేవారి తరము? గీతలను తగ్గింతురు. గీత తగ్గినచోట గోడ ఉత్త గోడయే యగును.

ఇందుకు విరుద్ధమైన మార్గమొకటి 1992 లోనే కనబడినది. కమిషిబాయి నాటి పూలమ్ము బాలిక కథను మరువొ సుఎహిరొ 1984 లో చిత్రకథగా గీయగా, దానిని హరాద హిరోషి యను చిత్రకారుడు సొంతసొమ్ముతో, ఇంచుమించు ఒంటరిగా, దాదాపు ఐదు సంవత్సరములు శ్రమించి యానిమేషనుగా చేసెను. డబ్బు లేమిచే అందు చాల బొమ్మలు కదలవు. కెమెరా వానిపై మెల్లగా ప్రాకును, కంఠము కథ చెప్పును. పటమును పెట్టెలోనుండి లాగుచు కథచెప్పిన మిఠాయివాని పద్ధతియే యది.