మసూరు ఎడ్లబండి నుంచి మా అక్క మారుతి దాకా (వాడ చరిత్ర – 17)



పోయిన నెల మా మేనల్లుడు ఫోన్ చేసిండు. "మామా, 2005 మోడల్ మారుతి ఎయిట్ హండ్రెడ్ ఒకటి అమ్మకానికున్నది. నలభై అయిదు వేలు చెప్తున్నరు. కొత్తగ రంగేసిండ్రు, తళతళ మెరుస్తున్నది. తీస్కుందామా?"

వాడు డిగ్రీ చేసి మండల కేంద్రంలో ఒక మెడికల్ షాపులో పనిచేస్తున్నాడు. మా అక్కకు వారానికి రెండుసార్లు డయాలసిస్. ఊరి నుంచి జిల్లా ఆసుపత్రికి 38 కిలోమీటర్లు. తెల్లారుజామున ఆటో దొరకదు. దొరికినా పోను రాను కిరాయి కట్టీ కట్టీ ఇల్లు ఖాళీ అయింది. వాడి చేతిలో మొత్తం డెబ్బై వేలున్నాయి. అందులో ఇరవై వేలు చిట్టీ ఎత్తినవి.

"కొందాంరా. కానీ సూడకుండ బయానా ఇయ్యకు. ఆదివారం నేనొస్త" అన్నాను.

ఫోన్ పెట్టేశాక నా మనసు 1901లో ఒక రైల్వే స్టేషన్ బయట ఆగి ఉన్న ఎడ్లబండి దగ్గరికి పోయింది. ఈ వారం ఆ బండి దగ్గర మొదలుపెట్టి అక్క కారు దాకా వద్దాం. మధ్యలో ఇంజిన్ ఆయిలూ, తుప్పూ, ఆర్సీ కార్డూ వస్తాయి. ఓపిగ్గా చదవండి. వాటిక్కూడా మన చరిత్రతో సంబంధం ఉంది.

1. చేతిలో పైసలున్నా బండి రాలేదు

బాబాసాహెబ్ రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' మనలో చాలామంది చదివారు. అందులో మొదటి అనుభవమే బండి గురించి. తండ్రి గోరేగావ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవులకు ఆయన దగ్గరికి పోవడానికి చిన్న భీమ్‌రావు, అన్న, అక్క కొడుకులు సతారా నుంచి రైలెక్కి మసూరు స్టేషన్‌లో దిగారు. కొత్త బట్టలు, తలకు టోపీలు. చూసినవాళ్లు ఎవరో పెద్దింటి పిల్లలనుకున్నారు. స్టేషన్ మాస్టర్ కూడా అట్లాగే అనుకుని పలకరించాడు. ఎవరని అడిగితే మహర్లమని చెప్పారు. అంతే, ఆయన ముఖం మారిపోయింది.

స్టేషన్ బయట కిరాయి ఎడ్లబండ్లు చాలా ఉన్నాయి. రెట్టింపు కిరాయి ఇస్తామన్నా ఒక్కడూ రాలేదు. చివరికి ఒప్పందం ఏమిటో చూడండి. కిరాయి రెట్టింపు ఇవ్వాలి, బండి పిల్లలే తోలుకోవాలి, బండివాడు పక్కన నడిచి వస్తాడు. దారి పొడుగునా సద్ది ఉంది, తాగడానికి నీళ్లు మాత్రం పుట్టలేదు. ఆ రాత్రి టోలు నాకా దగ్గర పడుకుని మర్నాడు గోరేగావ్ చేరారు.

పైసలుంటే అన్నీ దొరుకుతాయని నమ్మే తమ్ముళ్లు ఈ సంఘటనను మళ్లీ చదవాలి. ఆ పిల్లల దగ్గర పైసలున్నాయి. బండ్లూ ఉన్నాయి. మధ్యలో కులం ఉంది.

2. బండి దొరికింది, నడిపే చెయ్యి లేదు

రెండో సంఘటన 1929లో జరిగింది. అప్పటికి ఆయన డాక్టర్ అంబేడ్కర్, బారిస్టర్. అంటరానివాళ్ల కష్టాలను విచారించడానికి బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీలో సభ్యుడు. ఆ పని మీద తిరిగి వస్తూ చాలీస్‌గావ్‌లో ఆగాడు. అక్కడి మహర్లు స్టేషన్‌కు వచ్చి, ఆ రాత్రికి తమ వాడలో ఉండమని బతిమాలారు. వాడకు నడిచిపోవచ్చు. కానీ అంత పెద్దమనిషిని నడిపించడం వాళ్లకు మనసొప్పలేదు. టాంగా తెచ్చారు.

ఎక్కిన కాసేపటికే టాంగా ఒక మోటారు కారును గుద్దబోయి తప్పించుకుంది. వాడకు ముందు ఒక ఏరు, దాని మీద పిట్టగోడ లేని వంతెన. అక్కడ చక్రం రాళ్ల మధ్య ఇరుక్కుంది. బాబాసాహెబ్ ఎగిరి రాళ్ల మీద పడ్డాడు. గుర్రం, టాంగా ఏట్లో పడ్డాయి. ఆయన కాలు విరిగింది.

సంగతి తర్వాత తెలిసింది. మహర్‌ను ఎక్కించుకుని తోలడానికి టాంగావాళ్లు ఎవరూ ఒప్పుకోలేదు. ఒకడు టాంగా కిరాయికి ఇస్తానన్నాడు, తోలను అన్నాడు. మనవాళ్లు సరేనని తీసుకున్నారు. తోలింది ఎప్పుడూ తోలని మనవాడే.

అతిథి గౌరవం గురించి ఆలోచించినవాళ్లు అతని ప్రాణం గురించి ఆలోచించడం మరిచారని బాబాసాహెబ్ బాధతోనే రాశాడు. కోపం వాళ్ల మీద పెట్టుకోలేదు. బారిస్టరైనా సరే, ఏ మామూలు హిందూ టాంగావాడి ముందైనా అంటరానివాడు తక్కువవాడే అని ఆ రోజు అర్థమైందన్నాడు.

నాకు మాత్రం చాలీస్‌గావ్ ఇంకో పాఠం కూడా చెబుతుంది. గౌరవం కోసం బండి తెచ్చుకున్నప్పుడు, ఆ బండి సంగతి కూడా మనకు తెలిసి ఉండాలి. ఆత్మగౌరవం ఒక చక్రమైతే తెలివిడి రెండో చక్రం. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

3. పేరు మనది, తాళం వాళ్లది

మన ఊళ్లకు వద్దాం. మా నాయిన తరం వాళ్లను అడగండి. సైకిల్ ఉన్నవాడు దొర ఇంటి ముందు దిగి నడిపించుకుని పోయేవాడు. చెప్పులు చేతిలో పట్టుకునేవాడు. ఇప్పటికీ దేశంలో ఏదో ఒక మూల పెండ్లిగుర్రం ఎక్కినందుకు మన పిల్లగాణ్ని కొట్టిన వార్త వస్తూనే ఉంటుంది. గుర్రమైనా, సైకిలైనా, మోటారైనా ఊరి రూలు ఒకటే. మీరు లాగొచ్చు, తోలొచ్చు, కడగొచ్చు. ఎక్కి కూర్చుంటేనే తప్పు.

మనవాళ్లు డ్రైవర్లయ్యారు. దొర జీపు, ఆసామి ట్రాక్టరు, కంట్రాక్టరు లారీ నడిపారు. చేతికి స్టీరింగ్ వచ్చింది, బండి మాత్రం రాలేదు. తర్వాత సబ్సిడీ లోన్లు వచ్చాయి. అప్పుడు కాగితం మీద మనవాడు యజమాని అయ్యాడు. ట్రాక్టరు మాత్రం ఆసామి దొడ్లోనే ఉంది. మా వాడలో ఒక పెద్దాయన పేరు మీద అట్లా ఒక ట్రాక్టరు ఉండేది. ఆయన దాని సీటు మీద ఒక్కరోజు కూడా కూర్చోలేదు. కిస్తీ కట్టలేదని నోటీసు మాత్రం ఆయన గుడిసెకే వచ్చింది.

4. ప్రజల కారు ఏ ప్రజలది?

మారుతి కథకు వద్దాం. సంజయ్ గాంధీ 1971లో మొదలుపెట్టిన కంపెనీ జనానికి కారు ఇవ్వలేకుండానే మూతపడింది. 1981లో ప్రభుత్వ రంగంలో మారుతి ఉద్యోగ్ పుట్టింది. మరుసటి సంవత్సరం జపాన్ సుజుకీతో ఒప్పందం కుదిరింది. 1983 డిసెంబరు 14న ఢిల్లీలో మొదటి కారు తాళం ఇందిరా గాంధీ ఒక ఎయిర్‌లైన్స్ ఉద్యోగికి ఇచ్చింది. ధర దాదాపు 47,500 రూపాయలు. అంబాసిడర్, ఫియట్ కోసం ఏండ్ల తరబడి ఎదురుచూసిన మధ్యతరగతికి అది పండుగే. దాన్ని ప్రజల కారన్నారు.

అదే 1983లో కాన్షీరామ్ డీఎస్-4 కార్యకర్తలతో సైకిళ్ల మీద రాష్ట్రాలు తిరుగుతున్నాడు. ఒకే సంవత్సరం, రెండు బండ్లు. ప్రజల కారు వచ్చిన ఏడాది మన ప్రజలు సైకిల్ తొక్కుతున్నారు. ఆ మరుసటి ఏప్రిల్ 14న బహుజన్ సమాజ్ పార్టీ పుట్టింది. ఆ సైకిళ్లు ఎంత దూరం పోయాయో మీకు తెలుసు.

కారు మన వాడ చేరడానికి మాత్రం ఇంకో ఇరవై ముప్పై ఏండ్లు పట్టింది. మొదట పట్నంలో ఆఫీసరు కొన్నాడు. ఆయన దగ్గర టీచరు కొన్నాడు. టీచరు దగ్గర చిన్న వ్యాపారి కొన్నాడు. నాలుగో చేతికి, అయిదో చేతికి మనదాకా వచ్చింది. ఈలోగా కాలుష్య నిబంధనలు మారి కార్బరేటర్ పోయింది, ఎంపీఎఫ్ఐ ఇంజిన్ వచ్చింది. 2010లో కొత్త ప్రమాణాలు రావడంతో హైదరాబాద్‌తో సహా పెద్ద నగరాల్లో ఎయిట్ హండ్రెడ్ అమ్మకం ఆగింది. 2014 జనవరిలో తయారీయే ఆగిపోయింది. పట్నం వద్దన్నాకే అది మనకు అందే ధరకు దిగింది.

ఒక మంచి సంగతి కూడా ఉంది. అది మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజిన్. ఓమ్నీలో, పాత ఆల్టోలో ఉన్నదీ ఈ కుటుంబపు ఇంజినే. అందుకే ఏ మండలంలోనైనా విప్పి బిగించే మేస్త్రి దొరుకుతాడు, సామానూ దొరుకుతుంది. పేదోడి చేతికి ఇంతకాలం నిలిచింది అందుకే.

5. ఆదివారం పొద్దున

అమ్మేవాడికి ముందే చెప్పించాను, మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని. పోగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. మొదటి అనుమానం అక్కడే. చల్లారిన ఇంజిన్ స్టార్ట్ అయ్యే తీరులోనే దాని రోగం బయటపడుతుంది. వేడి చేసి పెట్టారంటే ఏదో దాస్తున్నారు.

సైలెన్సర్ వెనక మేనల్లుణ్ని నిలబెట్టాను. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది, రింగులో వాల్వ్ సీళ్లో పోయినట్టు. నల్లపొగ వస్తే పెట్రోలు ఎక్కువ కాలుతోంది. చలికి కాసేపు తెల్లటి ఆవిరి రావడం మామూలే. బండి వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే హెడ్ గాస్కెట్ చూడాలి. ఆయిల్ మూత విప్పినప్పుడు లోపల మీగడ లాంటి తెల్ల జిగురు కనిపించినా అదే అనుమానం. రేడియేటర్ మూత మాత్రం వేడి మీద విప్పకండి, ముఖం కాలుతుంది.

ఈ కారు పొగ బాగానే ఉంది. అప్పుడు కాళ్ల కింది మ్యాట్ లేపాను. పాత ఎయిట్ హండ్రెడ్‌ను చంపేది ఇంజిన్ కాదు, తుప్పు. ఫ్లోరు, తలుపుల కింది పట్టీ, చక్రాల పైన ఉండే వంపులు, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంట చూడాలి. స్క్రూడ్రైవర్‌తో మెల్లగా పొడిస్తే డ్రైవర్ సీటు ముందర రేకు పొరలు పొరలుగా ఊడి కింద మట్టి కనబడింది. తలుపు మీద అయస్కాంతం పెడితే అంటలేదు. రేకు స్థానంలో పుట్టీ నింపి, పైన రంగు కొట్టారు. ఆ తళతళ అదే.

నడిపి చూశాం. గుంతల రోడ్డు మీద ముందర కటకట. స్టీరింగ్ వదిలితే ఎడమకు లాగుతోంది. మూడో గేరు దానంతటదే జారి న్యూట్రల్‌కు వస్తోంది. మీటరు 62 వేల కిలోమీటర్లు చూపిస్తోంది, క్లచ్ పెడల్ రబ్బరు మాత్రం అరిగి ఇనుము తేలింది. మీటరు అబద్ధం చెప్పొచ్చు, పెడల్ చెప్పదు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియదు. టైర్లు నాలుగూ లోపలి వైపు అరిగాయి.

మాతో వచ్చిన మేస్త్రి లెక్క వేశాడు. టింకరింగ్, గేర్‌బాక్స్, టైర్లు, ముందరి సస్పెన్షన్, బెల్టు కలిపి ఇంకో నలభై వేలు. అంటే నలభై అయిదు వేల కారు నిజం ధర ఎనభై అయిదు వేలు.

అమ్మేవాడు నవ్వాడు. "మీ పైసలకు ఇదే ఎక్కువ. ఇన్ని సూస్తరా మీరు?" అన్నాడు.

'మీరు' అన్న మాటలో ఎంత ఉందో నాకు తెలుసు, మీకూ తెలుసు. మసూరులో రెట్టింపు కిరాయి అడిగిన గొంతు అది. చెడిపోయింది కూడా మీకు ఎక్కువేనన్న గొంతు. "సూస్తం అన్నా, మా అక్క కూసునే బండి" అని చెప్పి వచ్చేశాం.

6. కాగితం చూడకపోతే చరిత్ర తిరిగొస్తుంది

ఇంకో బండికి మూడు వారాలు పట్టింది. 2007 మోడల్. ఒక రిటైర్డ్ టీచరు ఒక్కడే వాడాడు. రంగు వెలిసిపోయి అందం ఏమీ లేదు. కానీ ఫ్లోరు గట్టిగా ఉంది, చల్లటి ఇంజిన్ ఒక్క తిప్పుకు అందుకుంది. యాభై రెండు వేలకు కుదిరింది. మేస్త్రి చెప్పిన రిపేరు పదకొండు వేలు.

అప్పుడు మేనల్లుడు అన్నాడు. "మామా, పేరు మార్పుడు తర్వాత జేస్కుందాం. సంతకం బెట్టిన ఫారాలు ఇస్తనంటున్నడు సారు. ఖర్సు తప్పుతది."

అక్కడ వాణ్ని ఆపాను. మీరూ ఆగండి.

సంతకాల ఫారాలతో చేతులు మారే బండి ఎవరిదీ కాదు. చట్టం ప్రకారం అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయాలి. ఫారం 29, ఫారం 30 ఇందుకే. వేరే రాష్ట్రం బండైతే ఫారం 28 ఎన్‌ఓసీ, ఫైనాన్స్ ఉన్నదైతే అది తీరినట్టు ఫారం 35 కావాలి. ఆర్సీ మీది చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీదివాటితో అంకె అంకె కలవాలి. పాత చలాన్లు, ఇన్సూరెన్స్ చూడాలి. పదిహేనేళ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉందా అన్నది అన్నిటికంటే ముందు చూడాలి. ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. ఫిట్‌నెస్, గ్రీన్ టాక్స్ దానికి అదనం. రెన్యువల్ లేని బండి చౌకగా వస్తే సంతోషపడకండి, ఆ ఖర్చు మీ నెత్తికే వస్తుంది.

యాక్సిడెంట్ జరిగితే ఆర్సీలో పేరున్నవాడే యజమానిగా నష్టపరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. మా వాడ పెద్దాయన ట్రాక్టరు గుర్తుంది కదా? పేరు ఒకరిది, తాళం ఒకరిది అయితే ఏమవుతుందో మనకు కోర్టు చెప్పకముందే తెలుసు. పేరూ తాళమూ ఒక్క చేతిలో ఉండాలి. మన తాతలకు లేనిది అదే.

చివరి మాట ఒకటి వాడికి గట్టిగా చెప్పాను. ఇది పల్చటి రేకు బండి. ఎయిర్ బ్యాగులు లేవు. హైవే మీద పెద్ద కార్లతో పందెం వద్దు. అరవై దాటించకు, బెల్టు పెట్టకుండా అమ్మను కూర్చోబెట్టకు. చాలీస్‌గావ్ వంతెన గుర్తుపెట్టుకో.

7. ఆర్సీ మీద పేరు

పోయిన మంగళవారం ఆర్సీ కార్డు వచ్చింది. ఫోటో తీసి పంపాడు. యజమాని పేరు దగ్గర మా అక్క పేరుంది. నాకు చెప్పకుండా వాడే ఆ పని చేశాడు. అక్కకు డ్రైవింగ్ రాదు. చిన్నప్పుడు బడికి నడిచింది, పెండ్లయ్యాక కూలికి నడిచింది, దొర వాకిట్లో చెప్పులు చేతపట్టుకుని నడిచింది. ఫోన్‌లో అడిగితే, "ముంగట సీట్ల కూసున్నరా తమ్మీ, ఊరంత సిన్నగ గనబడ్డది" అన్నది.

విద్యార్థి మిత్రులకు ఒక పని. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఇంట్లో మొదటి బండి గురించి అడగండి. ఎడ్లబండా, సైకిలా, మోపెడా? ఏ సంవత్సరం? ఎవరి పేరు మీద? దాని మీద మొదటిసారి ఊళ్లోంచి పోతే ఎవరేమన్నారు? రాసి కింద పెట్టండి. మన చరిత్ర గ్రంథాలయాల్లో దొరకదు, మన ఇంటి చూర్లలో దోపిన పాత కాగితాల్లో దొరుకుతుంది.

జై భీమ్.