ట్రక్కెక్కిన ఫిరంగి

ఆర్.కె. పురం అంటే ఢిల్లీ తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది మలై మందిర్, ఆ తర్వాత సర్కారు క్వార్టర్లు. అక్కడే వెస్ట్ బ్లాక్ 8లో రక్షణ శాఖ చరిత్ర విభాగం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో మన సైన్యం కథను బిశేశ్వర్ ప్రసాద్ ప్రధాన సంపాదకత్వంలో సంపుటాలుగా తెచ్చిన పరంపర అది. బర్మాలో మనవాళ్లు జపాన్‌తో తలపడిన ఆ కథలో నన్ను లాగే సరంజామా ఒకటుంది: ట్రక్కు మీద బిగించిన విమాన విధ్వంసక ఫిరంగి.

దాని మూలం విమానం కంటే పాతది. 1870లో జర్మన్లు పారిస్‌ను ముట్టడిస్తే ఫ్రెంచివాళ్లు బెలూన్లెక్కి బయటపడ్డారు. వాటిని కొట్టడానికి క్రుప్ కంపెనీ గుర్రపు బండి మీద తేలికపాటి తుపాకీ అమర్చింది. ఎగిరేదాన్ని కొట్టాలంటే కింద తుపాకీ కూడా పరిగెత్తాలన్న ఆలోచన అప్పుడే పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఫ్రాన్స్ తన 75 మి.మీ. ఫిరంగిని డి డియాన్ బూటన్ మోటారు బండికి ఎక్కించేసింది.

జపాన్ కూడా ఫ్రాన్స్ నుంచే నేర్చుకుంది. హాచ్‌కిస్ కంపెనీ యంత్రాంగం ఆధారంగా 1938లో టైప్ 98 అనే 20 మి.మీ. ఫిరంగిని చేసుకుంది. ఆ 98 జపాన్ చక్రవర్తుల శకంలోని 2598వ సంవత్సరానికి గుర్తు. 1934 నాటి ఆరు చక్రాల టైప్ 94 ట్రక్కు ఉండనే ఉంది. ఫిరంగికి సొంత చక్రాలున్నా, ఆగి, దించి, కాళ్లు పరిచి నిలబెట్టేసరికి విమానం పనికానిచ్చి వెళ్లిపోతుంది. ట్రక్కు మీదే బిగిస్తే ఆ ఆలస్యం ఉండదు.

లోటల్లా తూటాల పెట్టెలో ఉంది. దానిలో పట్టేవి 20. నిమిషానికి 300 వేగంతో పేలిస్తే నాలుగు సెకన్లలో ఖాళీ. పెట్టెలు మార్చుకుంటూ పోతే నిమిషానికి 120 దాటడమే గగనం. దీన్నే ట్యాంకు మీద ఎక్కించాలని చూశారు గానీ, అది నమూనాల దశ దాటలేదు.

నా లెక్కలో ఇది ఆకాశం చేజారిన వాడి ఆయుధం. 1942 ఏప్రిల్ 6న ర్యూజో నౌక మీంచి లేచిన జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులేశాయి. సింధియా షిప్‌యార్డుకు శంకుస్థాపన జరిగి అప్పటికి ఏడాదైనా నిండలేదు. తీరాన్ని కాచే మన బలం నామమాత్రం. అప్పుడు ఆకాశం వాళ్లది. ఆగస్టు 24న అదే ర్యూజో సాలొమన్ దీవుల దగ్గర అమెరికా విమానాల దెబ్బకు మునిగింది. 1944 నాటికి బర్మాలో జపాన్ ట్రక్కులు పగలు చెట్ల కింద నక్కి, రాత్రిళ్లే రోడ్డెక్కేవి. ఫిరంగి అవసరం పెరిగిన కొద్దీ దాన్ని మోసే ట్రక్కులకూ, పెట్రోలుకూ కటకట వచ్చింది.

మన దగ్గర విమానాలను నేల మీంచి కూల్చే విద్య 1940లో బొంబాయి కొలాబాలో మొదలైంది. ఇప్పుడు గంజాం జిల్లా గోపాల్‌పూర్‌లో, తెలుగు వినిపించే తీరంలోనే, నేర్పుతున్నారు. క్షిపణులొచ్చాక ఈ తుపాకులకు కాలం చెల్లిందనుకున్నారు. డ్రోన్లు వచ్చి ఆ లెక్క తప్పించాయి. ఉక్రెయిన్‌లో పికప్ బండ్ల మీద మెషిన్‌గన్లు బిగించి వాటిని కూలుస్తున్నారు. 2025 మేలో సరిహద్దు దాటొచ్చిన డ్రోన్లపై మన సైన్యం వాడినవాటిలో పాత ఎల్-70, జడ్‌యు-23 ఫిరంగులూ ఉన్నాయి.