స్టీవెన్స్, థాడియస్

థాడియస్ స్టీవెన్స్ (1792–1868) అమెరికన్ న్యాయవాది, పెన్సిల్వేనియా నుంచి ఎన్నికైన ప్రతినిధుల సభ సభ్యుడు, అంతర్యుద్ధం నాటి రాడికల్ రిపబ్లికన్లకు నాయకుడు. ఏప్రిల్ 4న వెర్మాంట్ రాష్ట్రంలోని డాన్విల్‌లో, ఒక పాదం వంకరతో పుట్టారు. తండ్రి ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. 1812 యుద్ధంలో చనిపోయాడన్న మాట ఉంది గానీ అది నిర్ధారణ కాలేదు.

1814లో డార్ట్‌మత్ కళాశాలలో పట్టా పుచ్చుకుని, పెన్సిల్వేనియాలోని యార్క్‌లో బడిపంతులుగా ఉంటూనే లా చదివారు. వేరే ఉద్యోగం చేస్తూ చదివినవారిని చేర్చుకోరాదని అక్కడి న్యాయవాదులు నిబంధన పెట్టడంతో, సరిహద్దు దాటి మేరీలాండ్‌లో పరీక్ష ఇచ్చి 1816లో పట్టా తెచ్చుకున్నారు. పరీక్షకులకు మదీరా వైన్ సీసాలు సమర్పించుకోవలసి వచ్చిందన్న కథ ఆయన చెప్పుకున్నదే కాబట్టి కొంత తగ్గించి నమ్మవచ్చు. ఆ ఏడే గెటిస్‌బర్గ్‌లో ప్రాక్టీసు పెట్టారు.

జీవితచరిత్రకారులు కొందరు తేలిగ్గా దాటేసే కేసు ఒకటుంది. ఛారిటీ బట్లర్ అనే నల్లజాతి స్త్రీ, యజమాని తనను పెన్సిల్వేనియాలో ఆరు నెలలకు పైగా ఉంచాడు కనుక అక్కడి చట్టం ప్రకారం తాను స్వతంత్రురాలినని దావా వేసింది. స్టీవెన్స్ యజమాని తరఫున వాదించారు. విడివిడిగా ఉన్న రోజులను కలిపి లెక్కించరాదని 1821లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది, బట్లర్ ఓడిపోయింది. ఆ కేసు మిగిల్చిన పశ్చాత్తాపమే ఆయన్ని బానిసత్వ వ్యతిరేకిగా మార్చిందనడానికి గట్టి ఆధారం లేదు. తర్వాతి కాలంలో మాత్రం పారిపోయి వచ్చిన బానిసల పక్షానే నిలబడ్డారు. బానిసలను పట్టుకోవడానికి అడ్డుపడినవారిపై పెట్టిన 1851 నాటి క్రిస్టియానా రాజద్రోహ కేసులో ముద్దాయి తరఫు న్యాయవాదుల్లో ఆయన ఒకరు.

1833లో రాష్ట్ర శాసనసభకు వెళ్లారు. ఉచిత పాఠశాలల చట్టాన్ని రద్దు చేయడానికి సెనేట్ ఒప్పుకున్నాక, 1835లో ఆయన చేసిన ప్రసంగం దిగువ సభను రద్దుకు ఒప్పుకోకుండా చేసింది, చట్టం బతికింది. 1838లో ఓటుహక్కును తెల్లవారికే పరిమితం చేసిన రాష్ట్ర రాజ్యాంగంపై సంతకం పెట్టలేదు.

కాంగ్రెస్‌లో 1849–53లో విగ్ పార్టీ సభ్యుడిగా, 1859 నుంచి మరణించేవరకు రిపబ్లికన్‌గా ఉన్నారు. యుద్ధకాలంలో పన్నులు, అప్పుల బిల్లులు ఆయన అధ్యక్షుడిగా ఉన్న వేస్ అండ్ మీన్స్ కమిటీ గుండానే నడిచాయి. 1863లో దక్షిణాది సైన్యం ఆయన ఇనుప కర్మాగారాన్ని తగలబెట్టింది. అమెరికా రాజ్యాంగం 14వ సవరణను సభలో నడిపించినది ఆయనే, అయితే భారత రాజ్యాంగం 14వ అధికరణంలోనూ కనిపించే 'సమాన రక్షణ' మాట జాన్ బింగ్‌హామ్ చలవ. విముక్తి పొందినవారికి తలా 40 ఎకరాలు పంచాలన్న ప్రతిపాదన నెగ్గలేదు. 1868లో అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ అభిశంసన కోసం, నడవలేని స్థితిలో కుర్చీలో మోయించుకుని సభకు వచ్చారు. సెనేట్‌లో ఒక్క ఓటుతో అది వీగిపోయింది.

ఆయన పెళ్లి చేసుకోలేదు. ఇల్లు చూసుకున్న లిడియా హామిల్టన్ స్మిత్ మిశ్రమజాతి వితంతువు. వారిది భార్యాభర్తల సంబంధమేనని సమకాలికులు రాశారు, రుజువు లేదు. అయినా వీలునామాలో ఆమెకు ఏటా 500 డాలర్లు లేదా ఒకేసారి 5,000 డాలర్లు రాసిపెట్టడం చూస్తే, ఉత్త పనిమనిషి అనడం సరికాదు.

ఆగస్టు 11న వాషింగ్టన్‌లో మరణించారు. జాతిభేదం పాటించని లాంకాస్టర్ శ్మశానంలో, ఆయన కోరిన చోటే ఖననం చేశారు. మరణించాక కూడా నియోజకవర్గ రిపబ్లికన్లు ఆయననే అభ్యర్థిగా ఎన్నుకున్నారు.