సైలెన్సర్‌లో దాగిన బలం

పాత చేతక్‌కి పికప్ పెరుగుతుందని సైలెన్సర్ లోపలి రేకులు పీకించేవాళ్లు ఇంకా ఉన్నారు. అన్నలూ, ఆ పని చేయించే ముందు ఇది చదవండి.

1946లో ఇటలీలో వచ్చిన మొదటి వెస్పా 98 సీసీ. బలం 3 హార్స్‌పవర్‌కి కాస్త పైన. రెండేళ్లకే 125 సీసీ చేశారు. సిలిండర్ పెంచితే బలం పెరగడం అందరికీ తెలిసిన లెక్కే. సిలిండర్ పెంచకుండా బలం పెంచినాయన తూర్పు జర్మనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్. ఎంజెడ్ కంపెనీ రేసు బండ్లు చూసేవాడు.

మన పవర్ స్ప్రేయర్ లాంటి టూ స్ట్రోక్‌లో పొగ పోయే రంధ్రం మూసుకోకముందే కొత్త పెట్రోలు, గాలి లోపలికొస్తాయి. కొంత కాలకుండానే పొగతో జారిపోతుంది. కాడెన్ పొగగొట్టాన్ని మధ్యలో ఉబ్బించి, చివర సన్నం చేశాడు. ఆ సన్నం దగ్గర తగిలిన ఒత్తిడి అల వెనక్కొచ్చి, జారిపోయేదాన్ని మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. ఆలోచన అంతకుముందే ఉంది, కొలతలు కుదిర్చింది మాత్రం ఈయనే. 1961కి 125 సీసీలోనే 25 హార్స్‌పవర్!

ఆ ఏడాదే ఆయన రైడర్ ఎర్నెస్ట్ డెగ్నర్ పడమటికి పారిపోయి, ఆ గుట్టు సుజుకికి చేర్చాడు. 1962లో సుజుకి మీదే 50 సీసీ ప్రపంచ టైటిల్ కొట్టాడు. పాపం కాడెన్!

అయితే ఆ గొట్టం పనిచేసేది ఇంజన్ బాగా వేగంగా తిరిగినప్పుడే. గడ్డిమోపుతో గట్టెక్కే స్కూటర్‌కి నిదానంలో లాగే బలం కావాలి, దాని సైలెన్సర్ కొలతలు అందుకు తగ్గట్టే ఉంటాయి. రేకులు పీకితే చెడేది ఆ కొలతే. మసి పట్టి బండి లాగకపోతే సైలెన్సర్ దించి, కాల్చి, మసి రాల్చి మళ్లీ బిగించండి.