ఉప్పెన లెక్కలు: కోస్తాంధ్రలో తుఫాను రక్షణ, పరిహార న్యాయం (1977–2023)

తెలుగు తీరానికి ఉప్పెన కొత్తది కాదు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో బందరులోను, దాని పరిసర గ్రామాలలోను సుమారు 30,000 మంది మరణించారు. 113 ఏళ్ళ తరువాత, 1977 నవంబరు 19న, అదే కృష్ణా డెల్టాలో దివిసీమ మునిగింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే మృతులు దాదాపు 10,000. ఈ రెండు ఘటనల నడుమ డెల్టాకు రైలు, రేడియో వచ్చాయి. దేశానికి వాతావరణ శాఖ ఏర్పడింది. సముద్రానికి దగ్గరగా ఉన్నవారి ఇల్లు మాత్రం మట్టిగోడ, తాటాకు కప్పుగానే మిగిలింది.

1977 నాటి మరణాలలో ఒక క్రమం ఉంది. ఉప్పెన ఎత్తు సుమారు 5 మీటర్లు. పక్కా కట్టడాల పైకి చేరగలిగినవారికి బతికే అవకాశం ఉండగా, గుడిసెలలోని మత్స్యకారులకు, వ్యవసాయ కూలీలకు ఆ అవకాశం లేకపోయింది. వరి కోతల కాలం కావడంతో పనుల కోసం వలస వచ్చినవారు కూడా ఇందులో చిక్కుకున్నారు. 'ప్రకృతి వైపరీత్యం' అనే మాట ఈ క్రమాన్ని మరుగుపరుస్తుంది. ఆ మాటలో కర్త ప్రకృతి ఒక్కటే. ఎవరిని ఎక్కడ నివసించనిచ్చారు, ఎవరికి ఏ కప్పు దక్కింది అన్న ప్రశ్నలకు అందులో చోటు లేదు. ఈ ఉప్పెన నేపథ్యంలో వచ్చిన నగ్నముని దీర్ఘకావ్యం 'కొయ్యగుర్రం' సముద్రాన్ని కాక వ్యవస్థ చలనరాహిత్యాన్ని నిలదీసింది. దానిని విషాద కావ్యంగా మాత్రమే చదివే అలవాటు వల్ల అందులోని పాలనా విమర్శకు తగిన గుర్తింపు రాలేదు.

ప్రభుత్వం పాఠం నేర్వలేదనడం సరికాదు. దివిసీమ తరువాత తీరం వెంబడి తుఫాను రక్షణ భవనాలు వెలిశాయి, సరుగుడు తోటలు నాటారు. 1990 మే 9న దాదాపు అంతే తీవ్రతగల తుఫాను కృష్ణా ముఖద్వారం వద్ద తీరం దాటినప్పుడు, అప్పటికే 5 లక్షలకు పైగా ప్రజలను తరలించారు. మృతులు వెయ్యి లోపే. ఇది గొప్ప విజయం. అయితే ఈ రక్షణ నేల మీద ఉన్నవారికి అమర్చినది. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుఫానులో, మృతులు వెయ్యికి పైగా ఉండగా, వేటకు వెళ్ళి తిరిగిరాని మత్స్యకారులు వందల సంఖ్యలో ఉన్నారు. శవం దొరకని మరణానికి సాక్ష్య చట్టం ఏడేళ్ళ గడువు పెడుతుంది. పరిహారం కోరే భార్యకు ఆ ఏడేళ్ళ అర్థం వేరు.

ప్రాణరక్షణలో కొంత సమత సాధ్యమైంది. నష్ట పరిహారంలో అది ఇంకా రాలేదు. తరలించే బస్సు ఎక్కడానికి పట్టాదారు పాసుపుస్తకం అక్కరలేదు, పంట నష్టానికి కావాలి. డెల్టాలో సాగులో పెద్ద భాగం కౌలుదారులదే, అదీ నోటిమాట మీదే. దీనికి కారణం చరిత్రలో ఉంది. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం కౌలుదారుకు భద్రత కల్పించబోయింది. కాగితం రాస్తే భూమి చేజారుతుందన్న భయం భూస్వాములలో స్థిరపడింది. 2011 చట్టం రుణ అర్హత పత్రాలు ప్రవేశపెట్టినా అప్పులు ఆశించినంతగా అందలేదు. 2019 చట్టం సాగుదారు హక్కు పత్రానికి యజమాని అంగీకారాన్ని షరతుగా పెట్టింది. ఏ భయం వల్ల కౌలు నమోదు కావడం లేదో, ఆ భయం ఉన్నవారి సంతకమే కౌలుదారు అర్హతకు ఆధారమైంది.

అంతర్జాతీయ వేదికలపై భారతదేశం వాదించేదీ ఇటువంటి న్యాయమే. 1992 వాతావరణ ఒడంబడిక 'ఉమ్మడి, అయితే భిన్నమైన బాధ్యతలు' అన్న సూత్రాన్ని అంగీకరించింది. 2022లో షర్మ్ ఎల్ షేక్ సదస్సు నష్ట పరిహార నిధికి ఆమోదం తెలిపింది. కర్బన ఉద్గారాలకు తక్కువ కారకులైనవారే ఎక్కువ నష్టపోతున్నారన్నది ఆ వాదానికి మూలం. భూతాపం పెరిగేకొద్దీ తీవ్ర తుఫానుల నిష్పత్తి పెరుగుతుందన్న ఐపీసీసీ అంచనా దానిని మరింత బలపరుస్తుంది. అయితే నిధి దేశానికి చేరిన తరువాత ఏ ఊరిలో ఎవరి ఖాతాకు వెళుతుందన్నది ఒడంబడికల పరిధి కాదు. దానిని తేల్చేవి రెవెన్యూ దస్త్రాలు. వాతావరణ న్యాయాన్ని గురించిన తెలుగు పరిశోధన శాస్త్ర నివేదికలతో పాటు ఈ దస్త్రాలనూ, కౌలు ఒప్పందాల భాషనూ ఆధారాలుగా స్వీకరించవలసి ఉంది.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల సమీపంలో తీరం దాటేనాటికి డెల్టాలో వరి కోతకు వచ్చి ఉంది, కొన్నిచోట్ల కోసిన పనలు చేలలోనే ఉన్నాయి. పంట పోయినా కౌలు బస్తాలు చెల్లించవలసిన ఒప్పందాలు ఇక్కడ సాధారణం. కూలీ స్థితి ఇంకా భిన్నం. నష్ట గణనలో పంటకు, ఇంటికి, పశువుకు, పడవకు, వలకు వేర్వేరు పద్దులు ఉన్నాయి. పోయిన పనిదినాలను పద్దుగా రాసే ఆనవాయితీ లేదు.