కల్లుకుండ మీద పన్ను – రంప ఫితూరీ

మధురవాడలో ఎండాకాలం రాత్రి చోడిపిండి నానబెడితే తెల్లారేసరికి పులిసి పొంగుతుంది. కొండ మీద చలికాలంలో అదే పిండికి ఇంకా ఎక్కువ సమయం కావాలి. పిండి మారలేదు, వేడి మారింది. అందుకే మన అమ్మలు చలిలో అంబలి కుండను పొయ్యి దగ్గరకు జరుపుతారు, ఎండల్లో చల్లని మూలన పెడతారు.

జీలుగు కల్లుదీ ఇదే లెక్క. గెల కోసి కుండ కట్టగానే గాలిలోని, కుండలోని ఈస్టు పని మొదలుపెడుతుంది. పొద్దున్నే దించితే తియ్యగా ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ నురుగు, మత్తు పెరుగుతాయి. ఇంకా ఉంచితే వేరే సూక్ష్మజీవులు చేరి పుల్లని వెనిగర్ చేసేస్తాయి. కుండలో పాత మడ్డి ఉంటే పులుపు తొందరగా వస్తుంది, లోపల సున్నం పూస్తే ఆలస్యమవుతుంది. బీరు ఎందుకు చెడుతుందో వివరిస్తూ లూయీ పాశ్చర్ 1876లో పుస్తకం రాశారు. ఆ సూక్ష్మజీవుల పేర్లు మన తాతలకు తెలియవు. వాటికి ఎంత వేడి, ఎంత సమయం కావాలో మాత్రం బాగా తెలుసు.

కల్లు నిల్వ ఉండే సరుకు కాదు. చెట్టు దింపిన ఇంటివాళ్ళు, ఊరివాళ్ళు ఆ రోజే తాగాలి. మద్రాసు ప్రభుత్వ ఆబ్కారీ విధానం ఈ తేడాను పట్టించుకోలేదు. గోదావరి జిల్లా రంప కొండల్లో కల్లు హక్కును కాంట్రాక్టర్లకు కౌలుకిచ్చి, సొంత వాడకానికి గీసుకోవడాన్ని కూడా నిషేధించింది. పైగా రంప మున్సబుదారు 'చిగురు పన్ను' వసూలు చేశాడు. దీనికి పోలీసుల లంచాలు, వ్యాపారుల అప్పుల దావాలు తోడయ్యాయి. 1879 మార్చిలో ఫితూరీ లేచింది. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య వంటివారు ముందు నిలిచారు. అది విశాఖ జిల్లా గోలుగొండ కొండలకూ పాకింది. మద్రాసు సైన్యం దిగినా 1880 దాకా అణగలేదు. మున్సబుదారును చివరకు ప్రభుత్వమే తొలగించింది.

చదువుకునే పిల్లలూ, మిమ్మల్ని తాగమని మేము ఈ కథ చెప్పడం లేదు. తాగుడు మన ఇళ్ళను ఎంత కుంగదీస్తోందో హాస్టల్లో మేము రోజూ చూస్తున్నాం. చెట్టు నుంచి ఆ పూటకు దింపిన కల్లు వేరు, ఏడాదంతా దొరికే సీసా వేరు. కల్లు తనంతట తానే సాయంత్రానికి పులిసిపోయి హద్దు గీసేది. సీసాకు ఆ హద్దు లేదు. ఇప్పుడు ఆ హద్దు గీయాల్సింది మనమే. 1996 నాటి పెసా చట్టం మత్తుపదార్థాల అమ్మకాన్ని నియంత్రించే, నిషేధించే అధికారాన్ని గ్రామసభకు, పంచాయతీకి ఇచ్చింది. నాడు తాతలు పోరాడింది ఆ నిర్ణయం మన ఊరి చేతిలో ఉండాలనే.

ఇటుకల పండక్కి ఇంటికెళ్ళినప్పుడు అవ్వ పక్కన కూర్చోండి. కుండ ఎప్పుడు జరపాలో ఎలా తెలుస్తుందో అడిగి రాసుకోండి. గ్రామసభ జరిగితే వెళ్ళి వినండి. రెండూ మన చరిత్రే.