తెలుగు టంకన పద్ధతుల చరిత్ర: లిపి క్రమం, వేళ్ల అలవాటు

కీలక పదాలు: టైపురైటరు, ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, యూనికోడ్, వాడుకరి ప్రవర్తన

ఉపోద్ఘాతం:

తెలుగులో ‘స్త్రీ’ అన్న ఒక్క మాటను యంత్రంపై రాయడానికి ఎవరి దారి వారిది. టైపురైటరుకు అలవాటుపడిన చేయి దానిని ‘సీ’, తవత్తు, రవత్తు అనే ఆకార ఖండాలుగా చూస్తుంది. భారత ప్రభుత్వం ప్రమాణీకరించిన ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో స, పొల్లు, త, పొల్లు, ర, ఈకార గుర్తు అని ఆరు మీటలు నొక్కాలి. రోమన్ లిపి ద్వారా రాసేవారికి ఎస్, టీ, ఆర్, పెద్దక్షరపు ఐ అనే నాలుగు చాలు. చేతిఫోనుకు చెప్పి రాయించేవారికి మీటలతో పనే లేదు. ఈ భేదాలను సాంకేతిక పరిణామంగా మాత్రమే వివరించడం పరిపాటి. అయితే ప్రతి పద్ధతి వెనుకా వాడుకరి ఎవరు, ఆ వ్యక్తి ఇదివరకే నేర్చినదేమిటి అన్న ఒక ఊహ దాగి ఉంది. ఆ ఊహలు ఎక్కడ సరిపోయాయి, ఎక్కడ బెడిసికొట్టాయి అన్నదే ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

టైపురైటరు నేర్పిన చూపు:

టైపురైటరు ఇంగ్లీషు అక్షరాల సంఖ్యకు తగినట్టు పుట్టిన యంత్రం. గుణింతాలు, వత్తులు కలిసి వందల రూపాలయ్యే తెలుగు లిపిని అందులో ఇమడ్చడానికి అక్షరాలను ముక్కలు చేయక తప్పలేదు. టైపిస్టు ధ్వనిని కాక ఆకారాన్ని అనుసరించాడు. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చిన తరువాత కార్యాలయాలలో తెలుగు టైపుకు ప్రాధాన్యం పెరిగింది. పట్టణాలలో టైపు ఇన్‌స్టిట్యూట్లు, లోయర్, హయ్యర్ పరీక్షలు ఈ నైపుణ్యాన్ని ఒక జీవనోపాధిగా నిలబెట్టాయి. నెలల తరబడి సాధన చేసిన వేళ్లకు ఒక జ్ఞాపకం ఏర్పడుతుంది. తరువాత వచ్చిన రూపకర్తలలో చాలామంది తక్కువ అంచనా వేసింది దీనినే.

ఇన్‌స్క్రిప్ట్ తర్కం:

1980లలో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ ఆధ్వర్యంలో ఇన్‌స్క్రిప్ట్ అమరిక రూపొందింది. 1991లో వెలువడిన ఐఎస్ 13194 ప్రమాణంలో దీనికి చోటు దక్కింది. దీని నిర్మాణం మన వర్ణమాలను బాగా ఎరిగినవారు చేసిన పని అని ఒప్పుకోవాలి. అచ్చులు ఎడమచేతికి, హల్లులలో అధికభాగం కుడిచేతికి వస్తాయి. గుణింతపు గుర్తు ఉన్న మీటనే షిఫ్టుతో నొక్కితే అచ్చు వస్తుంది. ‘క’ ఉన్న మీటపైనే షిఫ్టుతో ‘ఖ’ ఉంటుంది. అంతకుమించి, హిందీలో ‘క’ ఎక్కడ ఉందో తెలుగులోనూ, బెంగాలీలోనూ అక్కడే ఉంటుంది.

ఈ చివరి గుణమే దీని ఘనత, దీని ఇబ్బందీ. పలు భారతీయ లిపులలో టైపు చేయగలిగినవారికి ఇది వరం. కానీ తెలుగు రాసేవారిలో అధికసంఖ్యాకులు రాసేది తెలుగు ఒక్కటే, కాకుంటే తెలుగుతోపాటు ఇంగ్లీషు. టైపురైటరు నేర్చినవారు పాత విద్యను మరచిపోవాలి. కొత్తవారు గురువు లేకుండా నేర్చుకోవాలి. ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే ముద్రించిన కీబోర్డుపై తెలుగు అక్షరం ఎక్కడుందో కంటికి కనిపించదు. ఇన్‌స్క్రిప్ట్ వ్యాప్తి చెందకపోవడానికి తెలుగువారి భాషాభిమాన లోపమే కారణమనే విమర్శ ఈ సంగతిని పట్టించుకోదు. పద్ధతి భాషకు సరిపోయింది, నేర్చుకునే పరిస్థితులకు సరిపోలేదు.

ముద్రణాలయాల మార్గం:

డీటీపీ కేంద్రాలు ప్రమాణాల కోసం ఆగలేదు. అను స్క్రిప్ట్ మేనేజర్, శ్రీలిపి వంటి సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. ఆపరేటర్లలో ‘ఆపిల్’, ‘మాడ్యులర్’ అనే అమరికలు స్థిరపడ్డాయి. ఒకే సాఫ్ట్‌వేరులో ఒకటికి మించిన అమరికలను ఎంచుకునే వీలు ఉండటం వల్ల ఆపరేటరు తన అలవాటును మార్చుకోనవసరం లేకపోయింది. అయితే దీనికి మూల్యం వేరే చోట చెల్లించవలసి వచ్చింది. ఫాంటు ఫాంటుకూ సంకేతాలు వేరు కావడంతో, ఒకచోట రాసిన పాఠం మరొకచోట అర్థంలేని గుర్తులుగా మారేది. పత్రికల జాలస్థలాలను చదవాలన్నా ఆయా ఫాంట్లను దిగుమతి చేసుకోవలసి వచ్చేది. ఈ పాఠాలను యూనికోడ్‌లోకి మార్చడానికి వెన్న నాగార్జున రూపొందించిన ‘పద్మ’ వంటి సాధనాలు అవసరమయ్యాయి.

రోమన్ దారి:

1990లలో అమెరికాలోని తెలుగువారి అవసరం వేరు. వారి వేళ్లకు తెలిసింది ఇంగ్లీషు కీబోర్డు. వారు రాయదలచింది తెలుగు. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్‌లు రూపొందించిన ఆర్‌టీఎస్ ఈ అవసరం నుంచి పుట్టింది. చిన్న టీ అక్షరానికి ‘త’, పెద్ద టీకి ‘ట’ అనే నియమం తార్కికమే గాక జ్ఞాపకానికి సులభం. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ యూనికోడ్ తెలుగుకు తోడ్పాటునిచ్చింది. 2006లో వీవెన్ రూపొందించిన ‘లేఖిని’లో పై పెట్టెలో రోమన్‌లో రాస్తుంటే కింది పెట్టెలో తెలుగు కనిపించేది. తప్పు జరిగిన క్షణంలోనే అది కంటికి తెలియడం వల్ల నియమాల పట్టికను బట్టీపట్టే అవసరం తగ్గింది. తెలుగు బ్లాగులు, వికీపీడియా విస్తరించిన కాలంలో ఈ చిన్న సౌకర్యం చేసిన మేలు పెద్దది.

ఇక్కడా ఒక వాడుకరి మినహాయింపబడ్డాడు. రోమన్ లిపితో పరిచయం లేక, తెలుగు మాత్రమే చదువుకున్న వ్యక్తి తన భాషను రాయడానికి మరో లిపి గుమ్మం దాటవలసి వచ్చింది. ఇన్‌స్క్రిప్ట్‌లో ఆ వ్యక్తికి ఈ అడ్డంకి ఉండదు. ఒకరికి సులువైనది మరొకరికి అసాధ్యం కావడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

ఊహించే యంత్రం:

ఆర్‌టీఎస్ వాడుకరికి నియమాలు నేర్పింది. తరువాతి సాధనాలు వాడుకరి అలవాటును తామే నేర్చుకోసాగాయి. దీర్ఘాలు పాటించకుండా, సందేశాలలో రాసినట్టే ‘చాలా’ను హ్రస్వాలతో రోమన్‌లో కొట్టినా గూగుల్ వంటి సంస్థల సాధనాలు ‘చాలా’ అనే సూచిస్తాయి. 2017 ఆగస్టులో గూగుల్ తెలుగుకు వాక్‌టంకన సౌకర్యాన్ని ప్రకటించింది. రోమన్ గానీ మీటల స్థానాలు గానీ తెలియనివారికి ద్వారం తెరుచుకుంది.

ఊహించడంలో ఒక పక్షపాతం కూడా ఉంది. తరచుగా వాడే రూపమే ముందు వరుసలో కనిపిస్తుంది. మాండలిక పదం, పద్యంలోని సంధిరూపం, శకటరేఫ, అరసున్న వంటివి సూచనలలో వెనుకబడతాయి. ప్రాచీన పాఠాలను పరిష్కరించేవారికి ఇది చిన్న విషయం కాదు. యంత్రం దిద్దిన చోటును మళ్లీ వెదికి విడదిద్దాలి. ౘ, ౙ అక్షరాలకు యూనికోడ్‌లో స్థానం దొరికిందే 2008లో.

నేటికీ అనేక డీటీపీ కేంద్రాలలో పుస్తకం అను ఫాంటులో, ఆపిల్ అమరికతో సిద్ధమై, ఆపై మార్పిడి సాధనం ద్వారా యూనికోడ్‌లోకి వెళుతుంది. మార్పిడిలో చెదిరిన వత్తులను సరిచేసే పని ప్రూఫు చూసేవారి మీద పడుతుంది. ఆపిల్ అమరికతోనే నేరుగా యూనికోడ్ రాసే సాధనాలు కూడా తరువాత వచ్చాయి. ముప్పై ఏళ్ల వేళ్ల అలవాటును మార్చమనకుండా, దాని కింది సంకేతాలను మాత్రమే మార్చిన ఏర్పాటు అది.